పసిపిల్లల ఊపిరితిత్తుల అరుదైన జబ్బులు: ఛాతీ ఫిల్ము ఏం చెబుతుంది, ఏం చెప్పదు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఛాతీకి తీసే ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు చదవడం మా వృత్తి. అందులోనూ చాలా అరుదుగా వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఇది డాక్టర్ల సదస్సు కాదు కదా, ఈ సభలో ఆ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. పిల్లవాడికి స్కానింగ్ రాశారు, డబ్బు లేదు, సాయం చేయండని తల్లిదండ్రులు మొదట వచ్చేది మీలాంటి సంస్థల గడపకే. ఆ అర్జీ మీద సంతకం పెట్టేవారికి ఆ స్కాన్ ఎందుకో, దాంతో ఏం తేలుతుందో కొంతైనా తెలిస్తే, మీ నిధిలోని ప్రతి రూపాయీ ఒక బిడ్డ ఊపిరికి పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాం. ఫిల్ములు ఎన్ని తీశారన్న లెక్కతో పని లేదు. ఏ ప్రశ్నకు జవాబు కోసం తీశారు? ఎంత బాగా తీశారు? పక్కన పెట్టి పోల్చడానికి పాత ఫిల్ము ఉందా? ఈ మూడింటికీ జవాబు ఉంటే ఒక్క స్కాన్ చాలు. లేకపోతే పది తీసినా జబ్బు పేరు తెలియదు. ఈ రోజు మేము చెప్పేదంతా ఈ మాటకు వివరణే.

ఏది అరుదు, ఏది మామూలు

ఐరోపా దేశాల్లో 10,000 మందిలో 5 గురికి మించి రాని జబ్బును అరుదైన జబ్బు అంటారు. ఊపిరితిత్తుల్లో అలాంటివి ఒకటి రెండు కావు, పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కొక్కటీ అరుదే అయినా, అన్నీ కలిపితే ఏ పెద్ద పిల్లల ఆసుపత్రికైనా ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

అయినా మన దగ్గర దగ్గు, ఆయాసంతో వచ్చే వంద మంది పిల్లల్లో దాదాపు అందరికీ ఉండేది మామూలు జబ్బే. వైరస్ వల్ల వచ్చే చిన్న గాలిగొట్టాల వాపు, న్యుమోనియా, అంటే మన పెద్దవాళ్లు నిమ్ము అనేది, ఉబ్బసం, టీబీ, పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం, గుండెలో రంధ్రం. వీటిని వదిలేసి మొదటి రోజే అరుదైన జబ్బు కోసం వెతకకూడదు. ముఖ్యంగా టీబీ విషయంలో ఎవరూ పొరపడవద్దు. డాక్టరు పరీక్షలు చేసి టీబీ అని మందులు మొదలుపెట్టి ఉంటే, మా ప్రసంగం విని వాటిని ఆపకండి.

మరి అనుమానం ఎప్పుడు రావాలి? ఊపిరి లెక్కతో మొదలుపెడదాం. బిడ్డ నిద్రలో గానీ, ఏడవకుండా ఊరుకున్నప్పుడు గానీ, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం పొట్ట, ఛాతీ ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. నిమిషానికి అంతగానీ, అంతకు మించిగానీ ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత. దీనికి యంత్రం అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. ఇంట్లో నానమ్మ కూడా లెక్కపెట్టగలదు.

జలుబు, జ్వరం తగ్గి వారాలు గడిచినా ఈ వేగం తగ్గకపోవడం, డొక్కలు ఎగరేస్తూనే ఉండడం, పాలు తాగుతూ మధ్యలో ఆపి రొప్పడం, బరువు పెరగకపోవడం, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ తక్కువ చూపడం, వేళ్ల చివరలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం, అదే ఇంట్లో ఇంతకుముందు ఒక బిడ్డ ఊపిరి ఆడక పోయి ఉండడం. వీటిలో రెండు మూడు కలిస్తే, "ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వాడి చూద్దాం" అనే దగ్గర ఆగకూడదు.

పసివాళ్ల ఎక్స్‌రేలో చిక్కులు

పెద్దవాళ్లకైతే "గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోండి" అంటాం. ఆరు నెలల బిడ్డకు ఆ మాట చెప్పలేం. బిడ్డ ఏడుస్తుంటే, గాలి బయటకు వదిలిన క్షణంలో బొమ్మ పడితే, ఊపిరితిత్తులు కుంచించుకుని తెల్లగా కనిపిస్తాయి. గుండె పెద్దదిగా కనిపిస్తుంది. బిడ్డ కాస్త పక్కకు తిరిగి ఉంటే ఒక పక్క నల్లగా, ఇంకో పక్క తెల్లగా వస్తుంది. ఇవేవీ జబ్బులు కావు.

ఇంకొకటి. పసిపిల్లల గుండె పైభాగంలో థైమస్ అనే గ్రంథి ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ అది కుంచించుకుపోతుంది. ఏడాది లోపు బిడ్డలో అది ఒక్కోసారి పడవ తెరచాపలాగా కుడిపక్కకు చాచుకుని కనిపిస్తుంది. అలవాటు లేని కంటికి అది న్యుమోనియా మచ్చలాగో, గడ్డలాగో అనిపిస్తుంది. అనుమానం వస్తే దానికి సీటీ అవసరం లేదు, మామూలు అల్ట్రాసౌండ్‌తో తేలిపోతుంది. రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు.

ఫిల్ము మూల ఉండే చిన్న అక్షరం సంగతి కూడా చెప్పాలి. కుడి, ఎడమ తెలియడానికి 'ఆర్' అనో 'ఎల్' అనో ఒక సీసపు గుర్తు పెడతారు. అది పెట్టకపోతే, గుండె కుడివైపున ఉన్న పిల్లవాడి ఫిల్మును చూసినవాళ్లు "తిరగేసి పెట్టినట్టున్నారు" అనుకుని సరిచేసి చదివేస్తారు. గాలిగొట్టాల లోపల కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు పుట్టుకతోనే పనిచేయని జబ్బు ఒకటుంది. ఆ జబ్బున్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండె, కాలేయం లాంటి అవయవాలు అటుదిటు మారి ఉంటాయి. నెలలు నిండి పుట్టినా మొదటి రోజే ఊపిరికి ఇబ్బంది పడడం, ఏడాది పొడుగునా ముక్కు కారడం, తడి దగ్గు, చెవిలో చీము ఉండడం దీని లక్షణాలు. స్విట్జర్లాండ్ డాక్టరు కార్టజెనర్ 1933లో ఈ లక్షణాలను ఒకచోట చేర్చి వివరించాడు. ఆ చిన్న సీసపు అక్షరం లేకపోతే, అంత స్పష్టమైన ఆధారం చేతిలోంచి జారిపోతుంది.

నీడ ఎక్కడుంది, ఎలా మారుతోంది

అరుదైన జబ్బును ఒక్క ఎక్స్‌రేతో పేరు పెట్టి చెప్పడం చాలాసార్లు కుదరదు. కానీ మూడు నాలుగు ఎక్స్‌రేలు తేదీల వరుసలో పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. మేము మొదట చూసేది ఇదే: నీడ ప్రతిసారీ ఒకే చోట ఉందా? చోట్లు మారుతోందా? రెండు వైపులా అంతటా పరుచుకుందా?

*ఒకే చోట ఉంటే.* న్యుమోనియా మచ్చ ఫిల్ములో పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. బిడ్డ ఆడుకుంటూ, తింటూ ఉంటే పది రోజులకోసారి తీసి చూడనక్కర్లేదు. కానీ మళ్లీ మళ్లీ అదే చోట న్యుమోనియా వస్తుంటే అక్కడ ఏదో ఉందన్నమాట. వేరుశనగ గింజో, సీతాఫలం గింజో గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. అది ఎక్స్‌రేలో కనిపించకపోయినా, ఆ పక్క గాలి బయటకు పోలేక ఉబ్బి ఉండడం కనిపిస్తుంది. అదేమీ లేకపోతే పుట్టుకతో వచ్చిన లోపాలను వెతకాలి. ఊపిరితిత్తిలో ఒక ముక్క గాలిగొట్టాలతో సంబంధం లేకుండా, నేరుగా బృహద్ధమని నుంచి రక్తం తీసుకుంటూ వేరుగా ఉండిపోవడం ఒకటి. ఒక భాగమంతా గాలి బుడగలతో నిండిపోవడం ఇంకొకటి.

ఈ బుడగల లోపం చాలాసార్లు గర్భంలో ఉన్నప్పుడే, ఐదో నెలలో చేసే స్కాన్‌లోనే బయటపడుతుంది. తర్వాతి స్కాన్లలో కనుమరుగైనట్టు అనిపించవచ్చు. పుట్టాక ఎక్స్‌రే కూడా బాగానే ఉండవచ్చు. అయినా సీటీలో అది అక్కడే కనిపిస్తుంది. అందుకే గర్భిణీ స్కానింగ్ రిపోర్టును కాన్పు కాగానే పారేయకండి. బిడ్డ కాగితాల్లో అదే మొదటి కాగితం. ఇలాంటి బుడగల్లాగే కనిపించే ఒక అరుదైన క్యాన్సర్ కూడా చిన్నపిల్లల్లో ఉంది కనుక, బుడగలు కనిపించిన బిడ్డను పిల్లల సర్జన్‌కు తప్పకుండా చూపించాలి.

మరొక లోపంలో ఊపిరితిత్తి ఒక భాగం, ఎక్కువగా ఎడమవైపు పైభాగం, గాలితో బాగా ఉబ్బిపోయి పక్క భాగాలను నొక్కేస్తుంది. ఫిల్ములో ఆ భాగం నల్లగా ఉంటుంది. దాన్ని ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటకు వచ్చిందని పొరబడితే ఛాతీలోకి గొట్టం వేస్తారు. ఆ గొట్టం ఉబ్బిన ఊపిరితిత్తిలోకే దిగుతుంది. శ్రద్ధగా చూస్తే ఆ నలుపులో సన్నని రక్తనాళాల గీతలు కనిపిస్తాయి. చిల్లుపడిన చోట అవి ఉండవు. ఆ గీతల తేడా మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది.

*చోట్లు మారుతుంటే.* ఒక నెల కుడివైపు కింద, మరో నెల ఎడమవైపు. రెండు మూడు రోజుల్లోనే వచ్చి, అంత త్వరగానూ పోతుంటే రక్తపు నీడలేమోనని చూడాలి. గాలి గదుల్లోకి కొంచెం కొంచెంగా రక్తం ఊరే జబ్బు ఒకటుంది. చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మరు, మింగేస్తారు. కనుక రక్తం బయట కనిపించదు. కనిపించేది పాలిపోయిన ముఖం. ఐరన్ టానిక్ సీసాలు అయిపోతుంటాయి, హిమోగ్లోబిన్ పెరగదు. దగ్గు, పాలిపోవడం, మారే నీడలు ఈ మూడూ కలిసినప్పుడు ఈ జబ్బు గుర్తు రావాలి. గుర్తొస్తే మందులున్నాయి. గుర్తు రాకపోతే రక్తహీనతకు ఒక డాక్టరు దగ్గర, దగ్గుకు ఇంకొకరి దగ్గర చీటీలు పెరుగుతాయి.

*అంతటా ఉంటే.* రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని చుక్కలు పరుచుకుంటే మన దేశంలో మొదట గుర్తొచ్చేది రక్తం ద్వారా పాకే టీబీ. అలా గుర్తు రావడం సరైనదే. అయితే ఫిల్ము అంత భయంకరంగా ఉండి, పిల్లవాడు మాత్రం హాయిగా ఆడుకుంటుంటే ఆగి ఆలోచించాలి. గాలి గదుల్లో కాల్షియం ఇసుక రేణువులు చేరే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. ఇసుక తుపానులా ఉందని ఆ ఫిల్మును వర్ణిస్తారు. దీన్ని టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించిన ఉదంతాలు మన దేశ వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి. అందుకే పిల్లవాడి కఫమో, కడుపులోంచి తీసిన ద్రవమో పరీక్షకు పంపి, టీబీ క్రిమి కోసం వెతకడం ముఖ్యం. ఫిల్ము ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

సీటీ తేల్చగలిగేవి

గాలి గదుల గోడల్లో, వాటి మధ్య ఉండే సన్నని పొరల్లో వచ్చే జబ్బుల గుంపు ఒకటుంది. రెండేళ్ల లోపు బిడ్డల్లో వచ్చేవి పెద్దవాళ్లలో వచ్చే వాటికి పూర్తిగా వేరు. 2007లో అమెరికా వైద్యులు వీటిని ఒక క్రమంలో వర్గీకరించారు. 2013లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ వీటి నిర్ధారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ ఎక్స్‌రే చాలదు, సన్నని పొరల సీటీ కావాలి.

ఉదాహరణకు నేహి అనే జబ్బు. పూర్తి పేరు న్యూరో ఎండోక్రైన్ సెల్ హైపర్‌ప్లేసియా ఆఫ్ ఇన్ఫెన్సీ. గాలిగొట్టాల్లో ఒక రకం కణాలు ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉంటాయి. ఆ సంగతిని 2005లో గుర్తించారు. నెలలు నిండి పుట్టిన బిడ్డ, మొదటి కొద్ది నెలల్లోనే ఎప్పుడూ వేగంగా ఊపిరి తీస్తుంటాడు, డొక్కలు ఎగరేస్తాడు, ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, బరువు పెరగడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు కాస్త ఉబ్బి ఉండడం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. ఉబ్బసం అనుకుని ఆవిరి యంత్రం, స్టెరాయిడ్ ఇస్తారు, పెద్దగా గుణం కనిపించదు.

ఈ బిడ్డకు సరిగ్గా సీటీ తీస్తే ఒక ప్రత్యేకమైన బొమ్మ వస్తుంది. కుడి ఊపిరితిత్తి మధ్య భాగం, ఎడమవైపు దానికి సరిపోలే నాలుక లాంటి భాగం, గుండెకు ఆనుకుని ఉన్న చోట్లు మసకగా, గాజు మీద ఆవిరి పట్టినట్టు ఉంటాయి. మిగతాచోట్ల గాలి చిక్కుకుని నల్లగా ఉంటుంది. 2010లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, అనుభవమున్న రేడియాలజిస్టులు సీటీ చూసి నేహి అన్నప్పుడల్లా అది నేహియే అయింది. అయితే నేహి ఉన్నవాళ్లందరినీ సీటీ పట్టుకోలేదు. అందరిలో కాకపోయినా, బొమ్మ స్పష్టంగా ఉన్న బిడ్డకు ఛాతీ కోసి ముక్క తీసే అవసరం తప్పుతుంది. ఇంకా మంచి సంగతి, ఈ పిల్లలు చాలామంది ఏళ్లు గడిచేకొద్దీ మెరుగవుతారు. వాళ్లకు కావలసింది ఇంట్లో ఆక్సిజన్, బలమైన తిండి, టీకాలు, ఓపిక. పనికిరాని స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు ఆపేయవచ్చు. సరైన ఒక్క సీటీ చేసే మేలు ఎంతో దీన్ని బట్టి చూడండి.

అన్ని జబ్బులూ ఇంత దయగా ఉండవు. గాలి గదులు ముడుచుకుపోకుండా లోపల ఒక జిగురు పూత ఉంటుంది. దాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. నెలలు నిండని బిడ్డల్లో ఈ పూత సరిగా తయారుకాకపోవడమే వాళ్ల ఊపిరి కష్టానికి మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ చూపించారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు ఈ జబ్బుతోనే రెండు రోజుల్లో చనిపోయాడు. అప్పట్లో దేశాధ్యక్షుడి బిడ్డకు కూడా మందు లేదు. ఇప్పుడు మన జిల్లాల్లోని నవజాత శిశు విభాగాల్లో కూడా ఆ పూతను మందుగా ఇస్తున్నారు.

అయితే నెలలు నిండిన బిడ్డకు కూడా ఇదే కష్టం వచ్చి, మందు ఇచ్చినప్పుడు తేరుకుని మళ్లీ మొదటికి వస్తుంటే, పూతను తయారుచేసే జన్యువులోనే లోపం ఉందేమో చూడాలి. అలాంటి లోపాల్లో ఒకటి 1993లో, ఏబీసీఏ3 అనే జన్యువు లోపం 2004లో బయటపడ్డాయి. సీటీలో రెండు ఊపిరితిత్తులూ మసకబారి, ఆ మసక మీద పగిలిన బండలు పరిచిన నేలలా గీతలు కనిపిస్తాయి. ఆ బొమ్మ ఇదే జబ్బని తీర్పు చెప్పదు. జన్యు పరీక్ష చేయించండని చెబుతుంది.

తీవ్రమైన వైరస్ న్యుమోనియా తర్వాత చిన్న గొట్టాలు శాశ్వతంగా మూసుకుపోయే జబ్బు కూడా సీటీలోనే తేలుతుంది. నలుపు, తెలుపు ముక్కలు అతికించిన బొంతలాగా ఉంటుంది ఆ బొమ్మ. గాలి వదిలినప్పుడు తీసిన బొమ్మలోనే ఆ తేడా బాగా తెలుస్తుంది. గాలి పీల్చినప్పుడు మాత్రమే తీసి పంపిస్తే "మామూలుగా ఉంది" అని రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది.

సీటీ ఎలా తీయాలి, ఎంత భయపడాలి

కనుక మీరు సాయం చేసేముందు స్కానింగ్ సెంటరును నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, డాక్టరు చీటీలో ప్రశ్న రాశారా? ఊరికే "ఛాతీ సీటీ" అంటే చాలదు. ఊపిరితిత్తి పొరల జబ్బు కోసమైతే రంగు మందు ఎక్కించకుండా సన్నని పొరల సీటీ చాలు. వేరుపడిన ముక్కకు రక్తం ఎక్కడినుంచి వస్తోందో చూడాలంటే రంగు మందు తప్పనిసరి. ప్రశ్న తప్పితే అదే బిడ్డకు మళ్లీ తీయాలి.

రెండు, బిడ్డ బరువును బట్టి రేడియేషన్ తగ్గించే పద్ధతి వాళ్ల దగ్గర ఉందా? పెద్దవాళ్ల సెట్టింగుతో పది కిలోల బిడ్డకు తీయకూడదు. ఆ యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉందా అని కూడా అడగవచ్చు, అది మీ హక్కు.

మూడు, మత్తు అవసరమా? కొన్ని నెలల బిడ్డనైతే కడుపు నిండా పాలిచ్చి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి, వేగంగా తీసే యంత్రంలో క్షణాల్లో ముగించవచ్చు. మత్తు ఇచ్చి పడుకోబెడితే వీపువైపు ఊపిరితిత్తులు కొంత ముడుచుకుంటాయి. అది జబ్బులా కనిపిస్తుంది. బిడ్డ ఊపిరి పట్టలేడు కనుక, ఒక పక్కకు పడుకోబెట్టి తీసే ఉపాయం ఉంది. కిందికి వచ్చిన ఊపిరితిత్తి గాలి వదిలినట్టుగా, పైది పీల్చినట్టుగా కనిపిస్తుంది.

నాలుగు, బొమ్మలు సీడీలోగానీ, పెన్‌డ్రైవ్‌లోగానీ ఇస్తారా? కిటికీ వెలుతురులో ఫిల్మును ఫోన్‌తో ఫోటో తీసి పంపితే పసిబిడ్డ గాలి గదుల మసకను ఎవరూ చదవలేరు. అసలు బొమ్మలుంటే హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉన్న నిపుణులు మళ్లీ తీయకుండానే చూడగలరు.

రేడియేషన్ గురించి రెండు రకాల మనుషులు కనిపిస్తారు. కొందరు ఎక్స్‌రే అంటేనే వద్దంటారు. కొందరు తృప్తి కోసం ప్రతి నెలా సీటీ తీయమంటారు. ఒక ఛాతీ ఎక్స్‌రేతో బిడ్డకు అందేది, నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ సహజంగా కొద్ది రోజుల్లో అందే రేడియేషన్ అంతే. సీటీలో అందేది, తగ్గించి తీసినా, నెలల తరబడి అందేదానికి సమానం. తగ్గించకపోతే ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో చిన్న వయసులో సీటీ తీయించుకున్న దాదాపు 1,80,000 మందిని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో రక్త క్యాన్సర్, మెదడు గడ్డలు కొద్దిగా పెరిగినట్టు తేలింది. ఒక్కో బిడ్డకు ఆ ముప్పు చాలా చిన్నది. అవసరమైన సీటీని ఆపేంత పెద్దది కాదు, అనవసరమైన సీటీని సమర్థించేంత చిన్నదీ కాదు. 2008లో అమెరికాలో మొదలైన 'ఇమేజ్ జెంట్లీ' ఉద్యమం డాక్టర్లకు, టెక్నీషియన్లకు చెబుతున్నది ఇదే: పిల్లలకు పిల్లల మోతాదే వాడండి.

ఫిల్ము తర్వాత ఏమిటి

సీటీ దారి చూపాక జన్యు పరీక్ష, చెమటలో ఉప్పు పరీక్ష, కొన్నిసార్లు గొట్టంతో లోపల చూడడం, చివరగా తప్పనిసరైతే ముక్క పరీక్ష ఉంటాయి. ఇక్కడ మన సమాజానికి నేరుగా తగిలే సంగతి ఒకటుంది. మేము చెప్పిన వాటిలో చాలా జబ్బులు, అంటే ఏబీసీఏ3 లోపం, కఫం నూగు జబ్బు, ఇసుక రేణువుల జబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు కలిసినప్పుడే సాధారణంగా వస్తాయి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లలో ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో ఈ పెళ్లిళ్లు ఏ ఒక్క మతానికో పరిమితం కావు. హిందువుల్లో మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్నాయి. ముస్లిం కుటుంబాల్లో చిన్నాన్న, పెద్దనాన్న, మేనమామ, మేనత్త పిల్లల మధ్య సంబంధాలు ఉన్నాయి. అలా పెళ్లి చేసుకున్న జంటల్లో ఎక్కువ మందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. కానీ ఒక బిడ్డకు అలాంటి జబ్బు తేలిన ఇంట్లో, తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిస్తే జన్యు సలహా తీసుకోవచ్చు.

అందుకే ఊపిరి ఆడక పోయిన బిడ్డ ఫిల్ములను కూడా దాచమంటాం. దుఃఖంలో వాటిని కాల్చేస్తారు, పారేస్తారు. ఆ తల్లికి పుట్టబోయే బిడ్డకు ఆ పాత ఫిల్మే మొదటి ఆధారం కావచ్చు. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021లో వచ్చింది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదులోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, నిమ్స్ ఆసుపత్రితో కలిసి ఒకటిగా ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు చేతిలో ఫైలు ఉండాలి.

మీరు చేయగలిగినవి

ఈ సొసైటీకి మా విన్నపాలు కొన్ని.

మీ దగ్గరకు వచ్చే ప్రతి బిడ్డకూ ఒక ఫైలు ఇవ్వండి. గర్భిణీ స్కాను, పుట్టిన బరువు, టీకాల కార్డు, ఎక్స్‌రేలు తేదీల వరుసలో, సీటీ సీడీ, ఆక్సిజన్ అంకెలు, వాడిన మందులు అందులో ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక ఎక్స్‌రే ఖర్చుకు మించదు.

రెండోసారి సీటీకి సాయం అడిగితే, మొదటిది ఎక్కడ అని అడగండి. దాన్ని పిల్లల నిపుణుడికి చూపించే ప్రయాణ ఖర్చు ఇవ్వండి. చాలాసార్లు కొత్త స్కాన్ కన్నా బస్సు చార్జీలు ఎక్కువ పనిచేస్తాయి.

స్కానింగ్‌కు ఉదారంగా ఇచ్చి, ఆ తర్వాత నెలల తరబడి కావలసిన ఆక్సిజన్‌కు చేతులెత్తేస్తే బిడ్డకు లాభం లేదు. రెండు మూడు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొని, ఒక ఇంట్లో అవసరం తీరాక ఇంకో ఇంటికి ఇచ్చే ఏర్పాటు చేయండి. కరెంటు పోయినప్పటి కోసం ఒక సిలిండర్ కూడా ఉంచాలి. ఇది సదఖా సొమ్ముకు చక్కని దారి.

ఇక ఇళ్లలో, జబ్బు పేరు ఏదైనా ఈ పిల్లలకు పొగ శత్రువు. బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి, దోమల చుట్ట, చివరకు మనం ఇష్టంగా వేసే ఊదు, లోబాన్ కూడా ఆ గదిలో వద్దు. టీకాలు ఒక్కటీ తప్పించవద్దు. జలుబు చేసినవాళ్లు బిడ్డను ముద్దాడవద్దు.

అరుదైన జబ్బు ఉన్న బిడ్డ తల్లిదండ్రులను ఎక్కువగా కుంగదీసేది పేరు తెలియకపోవడం. ఏడాది పాటు ఊళ్లు తిరిగి, అప్పులు చేసి, "ఏమీ లేదు", "ఏదో ఉంది" అనే రెండు మాటల మధ్య నలిగిపోతారు. పేరు తెలిస్తే కొందరికి మందు దొరుకుతుంది, కొందరికి ధైర్యం దొరుకుతుంది, కొందరికి తర్వాతి బిడ్డను కాపాడుకునే దారి దొరుకుతుంది. దానికి కావలసిన ఫిల్ములు తక్కువే. అవి బాగా తీసినవై ఉండాలి, పోగొట్టుకోనివై ఉండాలి. ఆ ఫిల్ములను చదివే పని మాది, అవి మా దాకా చేరేలా చూసే పని మీది.